పలుకని చేయి

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము. నల్లమల పాదమున బరచుకొనియున్న పెదరాళ్ళ సంతమైదానము కుమ్మరి యావమువలె గనలుచుండెను. చిగురు మాడిన చండ్రచెట్ల నడుమ నెఱ్ఱని ధూళి కంబములుగా లేచి సుడులు దిరిగి కూలుచుండెను. మబ్బుతునుక యొక్కటియు లేని యాకసము కన్నులకు సూదులవలె గ్రుచ్చుకొనుచుండ, నైరృతిదిక్కున నెచ్చటనో పుట్టుచున్న వానవాసనను త్రాళ్ళ గట్టువడిన యెడ్లు మాత్రము పసిగట్టి ముట్టెలెత్తి నేలను గిట్టల ద్రవ్వుచుండెను.

ఆ యెడ్లు నూటయిరువది. అవి ఏలేటిపెంట రైతులవి. తాతలనాటినుండి తమ పశువులు మేసిన యడవిలో మేపుకొనుటకు దొరతనము విధించిన పుల్లరి యను పన్నును చెల్లింపబోమనియు, కొట్టినను దొరతనముపై చేయి యెత్తబోమనియు నా యూరివారు ప్రతిన బూనిరి. దొరతనము వారి యెడ్లను జప్తు చేసి సంతకు దోలించి వేలమునకు బెట్టెను. ఏరువాక కెనిమిది దినములే యుండెను. ఎడ్లు లేని రైతు సరకు లేని వర్తకునివంటివాడు. వాని మాట యెంత గట్టిదైనను అంగడి మూయవలసినదే. ఆ పశువులు అమ్ముడుపోయినచో ఏలేటిపెంట పొలములు బీడువడును. అది చూచి చుట్టునున్న పదునేడు గ్రామములును తలయొగ్గి పుల్లరి చెల్లించును. అమ్ముడుపోనిచో వానిని మేపుటకు దొరతనమునొద్ద గడ్డి లేదు. సూర్యాస్తమయములోపల వేలము ముగియనియెడల పశువులను విడిచిపెట్టవలసినదని పై యధికారి వ్రాసియుండెను. కావున నిరుపక్షములవారికిని దెలిసినది యొక్కటే: కొనువాడొక్కడు చాలును.

కొనువాడు వచ్చియే యుండెను. ఆర్కాటు సీమవాడైన చెంగల్రాయ మొదలి పటాలములకు బండియెడ్లను సరఫరా చేయు గుత్తదారు. అయినను పెదరాళ్ళ సంతకొక కట్టడి కలదు. అచ్చట ధర నోట బలుకరాదు. కొనువాడును దళారియు దమ చేతులపై తుండుగుడ్డ కప్పుకొని దాని చాటున వ్రేళ్ళు పట్టి బేరమాడవలెను. ఎన్ని వ్రేళ్ళు పట్టిన నంత ధర. పిడికిలి బిగించినచో బేరము లేదని యర్థము. చేయి కలపక కొన్న పశువునకు ఆ సీమలో నాడాలు కొట్టువాడు గాని దారిలో నీరు పెట్టువాడు గాని రేవు దాటించువాడు గాని యుండడు. నూటయిరువది యెడ్లను నూరు మైళ్ళు నడిపింపవలసిన మొదలి యా సంగతి బాగుగా నెఱుగును. కనుకనే తాసీల్దారు మూడుమారులు వేలము పిలిపించినను అతడు పెదవి కదపక "దళారిని పిలిపించండప్పా. చెయ్యి లేని బేరం నాకొద్దు" అనెను.

ఆ సంతకు ముప్పది యేండ్లుగా దళారి చింపిరయ్య. వానికి సెంటుభూమి లేదు; ఎద్దు లేదు; పుల్లరి లేదు. ఏ సభకును బోయినవాడు కాడు. మునుపటి సాయంకాలము ఏలేటిపెంట పెద్దయగు లింగబోయిన బయ్యన్న వచ్చి వాని యరుగుపై గూర్చుండెను.

"నిన్ను అడగటానికి నాకు మొగం లేదురా చింపిరీ. అయినా అడుగుతుండా. రేపు నీ చెయ్యి ముడుచుకో."

"ముడిచిన చెయ్యికి దళారీ ఎవడిస్తాడు మామా?"

"ఎవడూ ఇయ్యడు. తన్నులు మాత్రం నీకు కావాల్సినన్ని."

"బేరం బానే ఉంది" అని చింపిరయ్య నవ్వెను. పిమ్మట నొక తట్ట నొకనాటి ప్రాప్తిని రెండవ తట్ట పదునేడు గ్రామముల బ్రదుకును బెట్టి మనస్సులో దూచెను. "మీ ప్రతినలు నాకు తెలవ్వు మామా. పల్లెలు బతికితే సంత బతుకుద్ది. సంత బతికితే నేను బతుకుతా. ముడుస్తాలే, పో" అనెను.

మరునాడు సంతలో దళారిని బిలిపింపుమన్న మొదలి మాట విన్నంతనే ఏలేటిపెంటవారు మున్నూరుమంది పశువులకును కొనువానికిని నడుమ వరుసలు దీర్చి కూర్చుండిరి. ఒకరి చేతుల నొకరు వీపువెనుక బలుపులతో గట్టుకొనిరి. ఎద్దులు పోగా మిగిలిన పలుపులవి. దెబ్బ తిన్నవేళ నెవని చేయియైన నాత్మవశము దప్పి లేచునేమో యని భయపడి బయ్యన్న చేసిన యేర్పాటది. తన చేతులను మొదట గట్టించుకొన్నవాడును అతడే.

జవానులతో వచ్చియున్న పోలీసు ఇన్‌స్పెక్టరు ఈల యూదెను. లాఠీలు లేచెను. ఎండిన వెదురు ఎముకపై దిగు చప్పుడు మైదానమంతట గట్టెలు చీల్చుచున్నట్లు వినవచ్చెను. మొదటి వరుసలో దలలు పగిలెను. ఒకని దవడ ప్రక్కకు దొలగెను; ఒకని కన్ను రక్తములో మునిగి మరల గానరాదయ్యె; ఒకని మెడక్రింది యెముక విఱిగి భుజము ఱొమ్ముమీదికి వ్రాలెను. కట్టిన చేతులతో నేలపై బొరలువారిని స్త్రీలు చంకలక్రింద బట్టి యీడ్చుకొనిపోవుచుండ రెండవ వరుస ముందునకు జరిగి యా తడిసిన నేలపైననే గూర్చుండెను. అదియు గూలెను. మూడవది జరిగెను. కొట్టువారి యంగీలు చెమటతో దడిసి యొడలి కంటుకొనెను. బయ్యన్న నడినెత్తిన నొక దెబ్బ పడెను. అతడు ముఖముమీద గారు నెత్తుటిలోనుండి తన్ను గొట్టిన జవానును జూచి "చెయ్యి నొప్పెడుతుందా నాయనా? కాసేపాగి కొట్టు" అనెను. వాడు ఆగలేదు. రెండవ దెబ్బకు బయ్యన్న ప్రక్కకు ఒరిగి మరల లేవడయ్యెను.

మున్నూరుమందిని గొట్టుటకు బ్రొద్దు చాలదనియు, తనకు గావలసినది యొక్క చేయి మాత్రమే యనియు నిన్‌స్పెక్టరునకు అప్పటికి దోచెను. ఇద్దరు జవానులు చింపిరయ్యను మొదలి నిలిచియున్న బండియొద్ద కీడ్చుకొని వచ్చిరి.

"చెయ్యి చాపరా."

చింపిరయ్య కుడిచేయి చాపెను. పిడికిలి బిగిసియుండెను.

"తెరువు."

"బేరం లేదు దొరా. పిడికిలంటే అదే. మొదలిగారిని అడగండి."

"నీ ఎద్దులు కావుగదరా. నీకేం నష్టం?"

"నష్టం లేకపోతే ముడిచేవోణ్ణి కాదు బాబూ. నేను లెక్క తెలిసినవోణ్ణి."

ఆ పిడికిలిని బండిచక్రపు ఇనుపకట్టుపై నుంచి తుపాకిమడమతో మోదిరి. మొదటి దెబ్బకు దోలు చినిగెను. రెండవదానికి గణుపులు చితికెను. చింపిరయ్య వీరుడు కాడు. అతడు బిగ్గరగా నేడ్చెను, తల్లిని దలచుకొనెను, కొట్టువాని వంశమును దిట్టెను, బట్టలోననే మూత్రము విడిచెను. కాని వ్రేళ్ళు విడువడయ్యె. నాలుగవ దెబ్బకు బొటనవ్రేలు వెనుకకు మడతపడెను. ఐదవ దెబ్బకు పిడికిలి తనంత దాన విచ్చుకొనెను. ఏలయన దానిని బిగించియుంచుట కెముకలు మిగులలేదు.

తెఱువబడిన చేయియే యొప్పుకొన్న చేయి యని యిన్‌స్పెక్టరు భావించెను. దుడ్డుకఱ్ఱతో సంత నేలువారికే తగిన పొరపాటది. అతడా చేతిని బట్టి లాగి మొదలి చేతిలో నుంచి పైన తుండుగుడ్డ కప్పెను.

"పట్టుకోవయ్యా. ఎంతో చెప్పు."

మొదలి గుడ్డచాటున వ్రేళ్ళకై తడవెను. నలువదియేండ్లుగా నతడు చేతుల భాష చదివినవాడు. దబాయించు చేయి, ఆశపడు చేయి, ఆకలిగొన్న చేయి, యన్నియు నెఱుగును. ఈ చేయి మాత్రము త్రిప్పిన దిక్కునకెల్ల దిరుగుచుండెను. చీలిన యెముకమొన యొకటి యతని యరచేతిని గీచెను. తుండుగుడ్డ నెఱ్ఱగా దడిసి యంచునుండి చినుకులు రాలెను. అతడు మెల్లగా దన చేయి వెలికి దీసికొనెను.

"ఈ చేతిలో మాట లేదప్పా."

"అయిదు వేళ్ళూ ఉన్నాయిగా."

"ఉన్నాయి. మీరు పెట్టినవి. ఆయన పెట్టినవి కాదు." మొదలి లెక్క తప్పలేదు. "ఈ ఎద్దుల్ని ఇయ్యాళ తోలుకుపోతాను, సరే. ఈ కత నాకంటే ముందే సంతలన్నీ తిరిగొస్తుంది. రేపట్నుంచి ఏ దళారి నాకు చెయ్యిస్తాడు? ఒక్క బేరానికి నలభై ఏళ్ళ వ్యాపారం పోగొట్టుకోమంటారా?"

ఇన్‌స్పెక్టరు లాఠీ యెత్తెను. తాసీల్దారు వాని మోచేయి పట్టుకొని యేమో చెవిలో జెప్పెను. పటాలపు గుత్తదారును గొట్టినచో బై యధికారికి జాబు వ్రాయవలసినది తానే కదా. మొదలి తన తలపాగ విప్పి చింపిరయ్య చేతికి జుట్టి చెప్పులు దొడిగికొని వెనుకకు జూడక వెడలిపోయెను.

సూర్యుడు గ్రుంకినంతనే త్రాళ్ళు విప్పబడెను. దప్పిగొన్న నూటయిరువది యెడ్లు ఎవరును దోలకయే తమ యూరిదారి బట్టెను. అంతకు మున్నే బయ్యన్న ప్రాణము విడిచియుండెను. అతని చేతుల పలుపు శవమయిన పిమ్మటగాని విప్పలేదు.

ఒక ప్రాణము. పగిలిన తల లఱువదియేడు. మరల నన్నపుముద్ద పట్టనేరని కుడిచేయి యొకటి. ఎడ్ల నిమిత్తమై యింత వెల పెట్టవచ్చునా యని యడుగువారు కలరు. వస్తువును మాత్రమే చూచువాడు వెల నెన్నడును సరిగా గట్టలేడు. బలవంతుని సరకు భయము. దానిని గొనువారున్నంతకాలమే వాని యంగడి సాగును. ఆనాడు పెదరాళ్ళ సంతలో దాని ధర యెంత పడినదో మరునాటి యుదయముననే తెలియవచ్చెను.

ఆ యుదయమున లాఠీలు బూని జవానులు పుల్లరి వసూలునకై పదునేడు గ్రామములలో మొదటిదానికి బోయిరి. ఒక్క తలుపైన మూసియుండలేదు. ఊరివారు పుల్లరి సొమ్ము దీయక, స్నానములు చేసి తలలు దువ్వుకొని గడపలమీద గూర్చుండియుండిరి. ముందు నడచుచున్న జవాను చాల దప్పిగొని యొక వాకిట నిలిచి మంచినీళ్ళడిగెను. ముసలమ్మ యొకతె లేచి చెంబుతో దెచ్చి వాని దోసిట బోసి, వాడు కడుపార ద్రావువఱకు నిలిచి, చెంబు లోపల బెట్టి వచ్చి, మరల గడపపై గూర్చుండి, దెబ్బకు దగినట్లుగా దల వంచెను.