కడగని డ్రాపర్

నేను ఒక డ్రాపర్‌ని. జానెడు కూడా లేని గాజు గొట్టం, నెత్తిన ఎర్ర రబ్బరు బుడ్డి, కింద సన్నటి మూతి. ఇంతే నా ఒళ్ళు. చెవిమందు సీసాల్లో నా జాతివాళ్ళను మీరు చూసే ఉంటారు. నా కథ నేనే చెప్పుకోవాల్సిన ఖర్మ ఎందుకు పట్టిందంటే, నేను చేసిన తప్పు నా మీద ఎవరూ మోపలేదు. మోపి ఉంటే తలవంచుకుని ఊరుకునేదాన్ని.

నన్ను చేసినవాడు గాజు గొట్టాన్ని మంటలో పెట్టి, మెత్తబడగానే రెండు వైపులా లాగాడు. నా మూతి కాస్త వంకర పోయింది. "పర్లేదులే, చుక్క పడితే చాలు" అని నన్ను తక్కిన వాటితో కలిపేశాడు. లోకంలో సగం పనులు ఆ 'పర్లేదులే' మీదే నడుస్తున్నాయని నాకు తర్వాత తెలిసింది.

మొదట సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు చేతిలో ఉన్నాను. ఎవరికి ఏ చెవి నొప్పో అడక్కుండానే రెండు చెవుల్లోనూ పోసేవాడు. తర్వాత తాలూకాఫీసు ముందు అర్జీలు రాసిపెట్టే ముసలాయన దగ్గర చేరాను. ఆయన పెన్నులో సిరా నింపడం నా పని. అర్జీలన్నీ 'తమ దయవలన' అని మొదలయ్యేవి. నేను మోసిన ఆ నీలం చుక్కల్లో అబద్ధాలు ఎన్నో, నిజాలు ఎన్నో నాకు తెలియదు. ఏవైనా అవి ఆయనవి. నావి కావు. ఆ రోజుల్లో నాకు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఆ ముసలాయన అల్లుడు హైస్కూల్లో అటెండరు. మామ పోయాక నన్ను తెచ్చి బడి ల్యాబులో పడేశాడు. ఆ ఊరు కడప జిల్లాలో ఒక మండల కేంద్రం. ల్యాబంటే ఒక ఇనుప బీరువా, ఒక బల్ల. బీరువా తాళం ఓబులేసు సారు దగ్గర ఉండేది. ఆయన సైన్సు చెప్పేవాడు. చెడ్డవాడు కాదు. పిల్లల్ని కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఎవరితోనూ తగాదా పెట్టుకునేవాడూ కాదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ బడి గేటు పక్కనే పెంచలమ్మ తోపుడు బండి. ఎండాకాలం సబ్జా నీళ్ళు అమ్మేది. నానబెట్టిన సబ్జా గింజలు, పటిక బెల్లం, కుండ నీళ్ళు, అంతే. పులుపు వేసేది కాదు. ఆమె కూతురు సుకన్య అదే బడిలో పదో తరగతి. బడి కమిటీ ఛైర్మనుకు ఎదురుగానే కూల్‌డ్రింకుల అంగడి ఉండేది. గేటు ముందు బండి వద్దనీ, ఆ నీళ్ళు తాగి పిల్లలకు కడుపునొప్పి వస్తోందనీ ఆయన హెడ్‌మాస్టరుకు చెప్పాడు. సైన్సు దినం రోజు తల్లిదండ్రులంతా వస్తారు కాబట్టి బండి ఉంచాలా తీసెయ్యాలా అనేది ఆ రోజే తేలుద్దామనుకున్నారు. ఆ బండి పోతే తల్లీకూతుళ్ళకు వేరే ఆధారం లేదు.

సుకన్య ఓబులేసు సారును పట్టుకుంది.

"సార్, మన ప్రయోగంలో మాయమ్మ నీళ్ళు గూడా పెడతాం సార్."

"గైడులో ల్యా కదమ్మా అది?"

"ల్యాకపోతేనే గదా సార్ చేసి చూడాల్సింది."

ఆయన నవ్వి సరేనన్నాడు.

మనం తాగే వాటిలో ఆమ్లం ఎంత అనేది ఆ ప్రయోగం. ఒక రకం కాగితం ముక్క మీద చుక్క వేస్తే రంగు మారుతుంది. ఆకుపచ్చ వస్తే ఏడు, అంటే మంచినీళ్ళ లెక్క. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం. ఎర్రగా మారి ఒకటి వచ్చిందంటే బాత్‌రూం కడిగే యాసిడ్‌తో సమానం. బడిలో ఆ కాగితం ముక్కలు మిగిలింది మూడే. అందుకని ముందు రోజే సుకన్య చేత చార్టు రాయించారు, ఆ పిల్ల చేతిరాత బాగుంటుందని. నిమ్మరసం, కూల్‌డ్రింకు, కాఫీ, పాలు, కొబ్బరి నీళ్ళు, అన్నింటికీ గైడులో ఉన్న అంకెలు ఎక్కించారు. పక్కన మామూలు కాగితం ముక్కలు స్కెచ్ పెన్నుతో రంగేసి అతికించారు. ఏ గ్లాసులోనూ నన్ను ముంచలేదు. ఆఖరి గడి ఒక్కటే ఖాళీ. సబ్జా నీళ్ళు. ఆ చార్టు మొత్తంలో నిజంగా పరీక్ష జరగబోయేది దానికొక్కదానికే.

మర్నాడు సైన్సు దినానికి మండల విద్యాధికారి ఎం.ఇ.వో. గారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఆయన కోసం తెచ్చిన పూలగుత్తి వాడిపోతోందని హెడ్‌మాస్టరు కంగారుపడ్డాడు. "నీళ్ళల్లో పెట్టండప్పా దాన్ని" అన్నాడు. నన్ను కడగడానికి బల్ల మీద ఒక బీకరు నిండా నీళ్ళు పెట్టి ఉన్నాయి. అటెండరు ఆ బీకరులోనే పూలగుత్తి పెట్టి తీసుకుపోయి, ఎం.ఇ.వో. కుర్చీ ముందు అలంకరించాడు. అందరూ చూశారు. బాగుందన్నారు.

ఓబులేసు సారు ముందుగా యాసిడ్ సీసాలో నన్ను ముంచి కాగితం మీద చుక్క వేశాడు. భగ్గున ఎర్రబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు మా అమ్మాయి చేసి చూపిస్తుంది సార్" అని నన్ను సుకన్య చేతిలో పెట్టాడు. ఆ పిల్లకు నన్ను కడగాలన్న గుర్తు వచ్చినట్టే వచ్చింది. బీకరు ఉండాల్సిన చోట కళ్ళు తిప్పింది. అక్కడ లేదు. ఎం.ఇ.వో. గడియారం చూసుకున్నారు.

నా రబ్బరు బుడ్డిలో యాసిడ్ తడి ఇంకా ఉంది. నాకు తెలుసు. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ పిల్ల నన్ను సబ్జా నీళ్ళలో ముంచి, పీల్చి, కాగితం మీద వదిలింది.

ఎర్రగా. ఒకటి.

ముందు వరుసలోంచి ఛైర్మను లేచి, "చూడండప్పా! మా కూల్‌డ్రింకే మూడు. ఈమె నీళ్ళు ఒకటంట. పిల్లోళ్ళకు యాసిడ్ తాపుతాండాది" అన్నాడు.

వెనకాల గోడవారగా నిలబడ్డ పెంచలమ్మ, "ఏం మాటలన్నా అవి? నేను రోజూ తాగేదే గదా పిల్లోళ్ళకు పోసేది! ఇప్పుడే తాగి సూపిస్తా, యాడుంది గ్లాసు?" అంటూ ముందుకు వచ్చింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. "సైన్సు సెప్తాంటే నువ్వేంది మే మధ్యలో?" అన్నారు. ఆమె కూతురి వైపు చూసింది. సుకన్య తలెత్తలేదు. చార్టు మీద ఖాళీ గడిలో ఒకటి అని తన చేత్తోనే రాసింది, గుండ్రంగా, అందంగా. ఫోటో తీశారు. ఆ సాయంత్రానికి బండి గేటు దగ్గర లేదు.

నేను మాట్లాడగలిగితే చెప్పేదాన్ని అని మీతో అనను. నోరున్నవాళ్ళు ఏం చేశారో చెప్తాను, వినండి.

మర్నాడు ప్రార్థన కాకముందే సుకన్య ల్యాబులోకి వచ్చింది. చేతిలో గిన్నెడు సబ్జా నీళ్ళు. "సార్, డ్రాపరు కడగల్యా సార్ నిన్న. నాదే తప్పు. ఇంగొకసారి చూస్తా." నన్ను కొళాయి కింద పెట్టి బుడ్డి నొక్కుతూ, వదులుతూ మూడుసార్లు కడిగింది. మిగిలిన ఆఖరి కాగితం ముక్క తీసి చుక్క వేసింది.

ఆకుపచ్చగా మారింది. చక్కటి ఏడు.

ఓబులేసు సారు వంగి చూశాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ కాగితం తడి ఉన్నంతసేపే రంగు నమ్మడానికి వీలుంటుంది, ఆరితే పనికిరాదు. "హెడ్‌మాస్టరు సారుకు ఇప్పుడే చూపిద్దాం సార్, ఆరిపోతాది" అంది ఆ పిల్ల.

"రిపోర్టు మండలాఫీసుకు పోయిందమ్మా. ఫోటో గూడా పోయింది. ఇప్పుడు పోయి తప్పంటే ఎం.ఇ.వో. గారి ముందర మన బడి మర్యాద ఏం గావాల? నువ్వు క్లాసుకు పో. నేను చెప్తాలే నిదానంగా."

కాగితం బల్ల మీదే ఆరిపోయింది.

తర్వాతి రోజు ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి, "చెప్పినారా సార్?" అని అడిగింది. చెప్తాలేమ్మా అన్నాడు. ఆ పైరోజూ అడిగింది. హెడ్‌మాస్టరు ఊళ్ళో లేడన్నాడు. పక్క గదిలో హెడ్‌మాస్టరు దగ్గుతున్నాడు. నాలుగో రోజు నుంచి అడగడం మానేసింది. పెంచలమ్మ బస్టాండు వైపు బండి పెట్టిందట గానీ, యాసిడ్ నీళ్ళ ఆమె అని ఊరంతా పేరు పడిందని అటెండరు ల్యాబు ఊడుస్తూ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు.

నా పక్కనుండే గాజు సామాన్లలో ఏదీ నన్ను తప్పుపట్టలేదు. డ్రాపరు ఏం చేస్తుంది, ఎవరు దేంట్లో ముంచితే దాన్ని పీలుస్తుంది అంటారు మీరు కూడా. ఆ మాట నాకు ఊరట కాదు. అదే మాట ఓబులేసు సారు కూడా తనకు తాను చెప్పుకునే ఉంటాడు.

పరీక్షలకు ముందు పిల్లలు ప్రయోగాల రికార్డులు తెచ్చి బల్ల మీద పేర్చారు. అందరూ చార్టు చూసి ఎక్కించినవే. సుకన్య వంతు వచ్చింది. రికార్డు తెరిచి ఆయన ముందు పెట్టి, పక్కన నిలబడింది. నేను ఆ బల్ల మీదే పడి ఉన్నాను, ఆ పేజీ నాకు కనబడుతోంది. నిమ్మరసం, కూల్‌డ్రింకు, కాఫీ, పాలు, కొబ్బరి నీళ్ళు. ఆఖరి వరుసలో సబ్జా నీళ్ళు. అంకె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఇది రాయల్యా?" అన్నాడు ఆయన.

"మీరు చెప్పండి సార్, రాస్తా" అంది ఆ పిల్ల. గొంతులో కోపం లేదు. పెన్ను చేతిలో పట్టుకునే ఉంది.

ఆయన కిటికీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. వరండాలో ఇంకా నలభై మంది పిల్లలు వరుసలో ఉన్నారు.

"చార్టులో ఏముందో అదే రాయమ్మా" అన్నాడు.

ఆ పిల్ల వంగి, గుండ్రంగా, అందంగా ఒకటి అని రాసింది. ఆయన పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు. టిక్కు పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికిందని చెప్పాలని నాకు చాలా ఉంది.

వణకలేదు.