ముక్కు దిబ్బడ

...పాలతో పాటు జలుబు కూడా పాపకు వెళ్తుందని వదిన అన్నది నిజమే కావచ్చు, అందుకే కదా పొద్దుటి నుంచి పాపకు డబ్బా పాలు పట్టిస్తూ తను పక్క గదిలో పడుకుంది. ఈ కాస్త విశ్రాంతి హాయిగా ఉందని ఒప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది. రొమ్ములు మాత్రం రాళ్లలా గట్టిపడ్డాయి. వదిన ఇచ్చిన జలుబు మాత్ర మింగబోయి ఆగి, మందుల షాపతనికి ఫోన్ చేసి అట్ట మీది పేరు చదివింది.

"అది వద్దమ్మా, పాలు తగ్గిపోవచ్చు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసుకోండి. పాలు మాత్రం మానకండి, మాస్కు పెట్టుకుని పట్టండి."

"మా వదిన ఊరుకోదండీ."

"ఆవిడకీ ఓ మాస్కు తగిలించండి, కాసేపు మాట్లాడరు."

నవ్వబోతే దగ్గొచ్చింది. ఆమె లేచి చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, పాపను ఒళ్లోకి తీసుకుంది.