దాటినవాళ్ల లెక్క

పెళ్లై నలభై రోజులు. కొత్త కోడలికి ఇంకా అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. అద్దం ముందు రెండు దువ్వెనలు, గుమ్మంలో రెండు జతల చెప్పులు, పొద్దున్నే బాల్కనీలో తువ్వాలు ఊపే బామ్మగారు.

బామ్మగారంటే భర్తకు నాయనమ్మ. ఎదురు మేడ రెండో అంతస్తులో ఆవిడ చెల్లెలు ఉంటుంది. నడుం పడిపోయి, కిటికీ పక్క కుర్చీకే పరిమితమైంది. మధ్యలో రోడ్డు. రోజూ ఎనిమిదింటికి ఇటు తెల్ల తువ్వాలు, అటు పచ్చ తువ్వాలు ఊగుతాయి.

"ఎదురుగానే కదా బామ్మగారూ, వెళ్లి రావచ్చుగా?"

"నేను నడిరోడ్డుకు చేరేసరికి సిగ్నల్ మారిపోతుందే పిల్లా. అటు అడుగుపెట్టి రెండేళ్లయింది."

"నేను చేయి పట్టుకుని తీసుకెళ్తాను."

"నా చెల్లెలింటికి నన్నొకళ్లు తోలుకుపోవాలా? పోతే నా కాళ్లతో నేను పోతాను. లేదంటే తువ్వాలు ఉండనే ఉంది."

ఆ సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లు దాటడానికి ఇచ్చేది ఇరవై సెకన్లే. కొత్త కోడలి ఉద్యోగం నగరపాలక కార్యాలయంలో, రోడ్ల విభాగంలో. దాటే సమయం పెంచి, పెద్దవాళ్లకు అనువుగా కూడళ్లు మార్చే పని ఆ ఏడే మొదలైంది. గంటలో పాతికమంది అరవై పైబడినవాళ్లు నడిచిన కూడలినే పరిశీలనకు తీసుకుంటారు. ఆమె తమ కూడలిని అడిగి మరీ తీసుకుని, నొక్కితే అంకె పెరిగే మిషను పట్టుకుని గంటసేపు నిలబడింది. అంకె నాలుగు దగ్గరే ఆగింది.

"నడవలేకే కదా సార్, రావడం మానేశారు" అంది ఇంజనీరుతో.

"రానివాళ్లను ఎలా లెక్కపెడతామమ్మా? వచ్చేవారం ఇంకోసారి చూడు."

సంగతి విన్న బామ్మగారు మూడు రోజులు ఫోను చెవి నుంచి దించలేదు. రిటైరైన హెడ్మాస్టరు, మందుల షాపాయన అత్తగారు, ఎవరినీ వదల్లేదు. "మోకాళ్ల నొప్పులు ఆ మర్నాడు పెట్టుకుందువుగానిలే. ముందు లెక్కకు రా."

వచ్చారు. భర్త సెలవు పెట్టి నడిరోడ్డులో చేతులు చాచి బళ్లు ఆపాడు. కాలేజీ అమ్మాయిలు తలా ఒకరి చేయి పట్టుకున్నారు. అతను తనవైపు చూసి నవ్వితే ఆమె ఒకటి ఎక్కువ నొక్కబోయి తమాయించుకుంది.

బామ్మగారు అవతలికి చేరి, సరిగ్గా చెల్లెలి కిటికీ కింద నిలబడి తలెత్తి చూసింది. పచ్చ తువ్వాలు ఊగింది. ఆవిడ వెనక్కి తిరిగి మళ్లీ వరసలో కలిసింది.

"అదేమిటి, పైకి వెళ్లి రండి" అంది కొత్త కోడలు.

"ఇక రోజూ పోయేదేగా. ఇవాళ లెక్క ముఖ్యం. తిరిగొచ్చింది కూడా నొక్కావా?"

మొత్తం ముప్ఫై ఒకటి. ఎవరూ తూలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సంతోషంలోనే ఆమె ఫారం నింపింది. ఇబ్బంది పడినవారు ఎందరు అన్నచోట గుండ్రంగా సున్నా చుట్టింది.

ఇంజనీరు అది చదివి కళ్లద్దాలు తీశాడు. "ఇబ్బంది సున్నా. అందరూ ఉన్న టైములోనే హాయిగా దాటారు. ఇక మార్చేదేముంది?"

"సార్, మావారు బళ్లు ఆపారు. అమ్మాయిలు చేతులు పట్టుకున్నారు."

"అదెక్కడా రాయలేదుగా. సంతకం నీదే కదమ్మా? మూడేళ్ల తర్వాత మళ్లీ చూద్దాం."

ఇంటికొచ్చేసరికి బామ్మగారు బయటికి వెళ్లే చెప్పులు తడిగుడ్డతో తుడుచుకుంటోంది. "ఎప్పట్నుంచి పెంచుతారట?"

కొత్త కోడలు ఏదీ దాచలేదు. సున్నా ఎవరు చుట్టారో కూడా చెప్పింది. బామ్మగారు రెండో చెప్పు తుడవకుండానే పక్కన పెట్టేసింది.

"ఆ రోజు పైకెళ్లి పది నిమిషాలు చెల్లెలి పక్కన కూర్చున్నా పోయేది."

"రేపు నేను తీసుకెళ్తాను బామ్మగారూ."

"ఎందుకులే. నువ్వు చేయి పట్టుకుంటే, ముసలిది హాయిగా దాటిందని మళ్లీ రాసుకుంటారు."

మర్నాడు ఎనిమిదింటికి ఎదురు కిటికీలో పచ్చ తువ్వాలు చాలాసేపు ఊగింది. బామ్మగారు గోడవైపు తిరిగి పడుకునే ఉంది. కాసేపు చూసి, కొత్త కోడలే దండెం మీది తెల్ల తువ్వాలు తీసి ఊపింది.