నలభై నిమిషాలు ఆగిన సీసా

ఈ ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా సూక్ష్మజీవులకు వండిపెట్టేది నేనే. ఉప్పులు, చక్కెరలు తూచి, నీళ్లలో కలిపి, సీసాల్లో ఉడికించి ఇస్తాను. నా చేతి సీసా చెడిందని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు పరిశోధన చేసే అమ్మాయి ఆ మాట అననే అంది.

"పిన్నీ, ఈ సీసాలో జీవులు రెండు గంటలు బ్రహ్మాండంగా పెరిగాయి. అరగంట నుంచి యంత్రంలో అంకె కదలట్లేదు. చచ్చిపోయినట్టున్నాయి. సాయంత్రం సార్‌కి గ్రాఫ్ చూపించకపోతే నా సీటు గల్లంతే!"

"నా వంటకి వంకలు పెట్టకు" అని కసిరాను. కసిరానే గానీ గుండెల్లో రాయి పడింది. అందులో పాల చక్కెర ఒక్కటే వేయాలి. పొద్దున పొరపాటున గ్లూకోజ్ డబ్బాలో చెంచా ముంచాను. నాలిక్కరుచుకుని, దాన్ని తిరిగి డబ్బాలో దులిపేసి, అదే తడి చెంచాతో పాల చక్కెర వేశాను. రెండూ తెల్లనివే, ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను. మునిగింది.

చెబితే నా ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే పిల్ల సీటు పోతుంది. ఉండబట్టలేక చెప్పేశాను.

తిడుతుందనుకుంటే, కళ్లింత చేసుకుని సీసాలోంచి ఇంకో చుక్క తీసి యంత్రంలో పెట్టింది. పది నిమిషాలకి మళ్లీ తీసి పెడితే అంకె కదిలింది. ఇంకో పది నిమిషాలకి పైకి పాకింది.

"చావలేదు పిన్నీ! ముందు గ్లూకోజ్ తినేశాయి. అదున్నంతసేపూ పాల చక్కెరని విడగొట్టే ఎంజైమ్‌ని దాదాపు చేయనే చేయవు, దండగ కదా! అది అయిపోయాక ఆగి, కావలసినవి తయారుచేసుకున్నాయి. ఆ చక్కెరని లోపలికి లాగే జన్యువూ, విడగొట్టే జన్యువూ పక్కపక్కనే ఉంటాయి. ఒక్క మీట నొక్కితే రెండూ పని మొదలెడతాయి."

నోరెళ్లబెట్టాను. మెదడు లేదు, చెప్పేవాళ్లు లేరు, కంటికి ఆనదు. అయినా ఎంత పొదుపు! మా ఇంట్లో నలుగురికి వండబోయి రోజూ ఆరుగురికి వండుతాను. ఆ నలుసు ముందు నాకు సిగ్గేసింది.

సాయంత్రం సార్ గ్రాఫ్ చూసి, "ఇందులోకి గ్లూకోజ్ ఎలా వచ్చింది?" అన్నారు.

"నేనే కలిపాను సార్, కావాలనే" అంది అమ్మాయి.

"అబద్ధం సార్. పొరపాటు నాది" అన్నాను.

ఆయన గ్రాఫ్‌లో గీత ఆగిన చోట వేలు పెట్టారు. "మీరు చెప్పకపోతే ఇది తూములో పోయేది. రేపు పది సీసాలు చేయండి, ఈసారి గ్లూకోజ్ తూచి" అన్నారు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "గ్రాఫ్ కింద నీ పేరు పక్కన ఈవిడ పేరు కూడా రాయి" అన్నారు.

అక్కడ నా పేరు కాగితం మీద పడటం అదే మొదలు. భోరున ఏడ్చేశాను.