మీ ప్రాంతంలో లేదు

సాయంత్రం అయిదింటికి దాన్ని యాప్‌లోంచి తీసేస్తారట. నాలుగైనా, జగ్గయ్యపేటలో మా ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు నొక్కినా, నా ఫోనుది ఒకటే మాట: మీ ప్రాంతంలో ఇది అందుబాటులో లేదు.

‘ఎర్ర చంద్రుడు’ అనే గ్రహాంతర సినిమాల వరసకి తోకగా వచ్చిన ఎపిసోడ్ అది. సినిమాలు మన దగ్గరా ఆడాయి. వాటిని ఎలా తీశారో చెప్పే ఈ ఎపిసోడ్ మాత్రం అమెరికా, కెనడాల్లో చందా కట్టినవాళ్లకే. మనం అభిమానులం కామన్నమాట. పోతే పోనీ అనుకోవడానికి లేదు. అందులో మా అమ్మ గొంతు ఉంది.

నాలుగేళ్ల క్రితం మా ఊరి భవానీప్రసాద్, హైదరాబాదులో సౌండ్ స్టూడియోలో పనిచేసేవాడు, మైకులు పట్టుకుని మా జొన్నచేనికి వచ్చాడు. మంచె మీద నుంచి అమ్మ పిట్టల్ని తోలే కేక రికార్డు చేసుకున్నాడు. సినిమాలో దాన్ని సాగదీసి, మెలితిప్పి ఏదో రెక్కల జంతువుకి పెట్టారు. ఎపిసోడ్‌లో అసలు గొంతే వినిపిస్తారని మొన్న ఆయనే ఫోన్ చేశాడు. ఆ రికార్డు మాకివ్వమంటే, అది కంపెనీదని నీళ్లు నమిలాడు.

ఆర్నెల్ల క్రితం గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి అమ్మ స్వరపేటిక తీసేశారు. చర్చిలో తను పాడిన పాటలున్న ఫోను అంతకుముందే వరదలో పోయింది. ఒకప్పుడు నా పేరు పెట్టి ‘సూసా నాన్నో’ అని పిలిచే అమ్మ, ఇప్పుడు మా నాన్న ప్రేమానందాన్ని పిలవాలంటే రెండుసార్లు చప్పట్లు కొడుతుంది. ఆయన పలకడు, తల కూడా తిప్పడు. ఒకరోజు నేను దులిపేస్తే, “చప్పట్లకి లేచెళ్లటానికి నేను హోటల్ సర్వర్నా?” అన్నాడు. అమ్మ వింది. గొంతు పోయింది గానీ చెవులు పోలేదు కదా. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ఒళ్లుమంట.

ఆ మనిషే ఇవాళ నా ఫోను లాక్కుని చదివాడు. “ప్రాంతం అంటే మన ఆంధ్రాయేగా. గరికపాడు దాటితే తెలంగాణ. పదండి.”

నందిగామ బడిలో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, ప్రాంతమంటే ఇక్కడ దేశమని నాకు తెలియదా? కానీ ఆర్నెల్లలో ఆయన అమ్మ కోసం చెప్పుల్లో కాళ్లు పెట్టడం అదే మొదలు. నోరు మూసుకుని అమ్మని స్కూటీ ఎక్కించుకున్నాను. నా ఆశ వేరే ఉంది. ఆ సినిమాల అభిమానుల గ్రూపులో ముందురోజే మొరపెట్టుకున్నాను. కెనడాలో ఒకావిడ, ముక్కూమొహం తెలియదు, వీడియో కాల్‌లో చూపిస్తానంది. పొద్దున్నుంచి జవాబు లేదు.

నాన్న మోపెడ్ ముందు, మేం వెనక. చెక్‌పోస్టు దగ్గర లారీలు బారుతీరి ఇరవై నిమిషాలు తినేశాయి. పాలేరు వంతెన దాటాక నాన్న బండి ఆపి, నొక్కమన్నాడు. నొక్కాను. అదే మాట. ఇంకొంచెం లోపలికి పోదామన్నాడు. పోయాం. అదే మాట.

“కోదాడ దాకా పోతే?” అన్నాడు.

ఇక దాచలేకపోయాను. “ప్రాంతమంటే దేశం నాన్నా. ఢిల్లీ పోయినా రాదు.”

ఆయన అక్కడి దాబా ముందు మంచం మీద కూలబడ్డాడు. అయిదుకి ఎనిమిది నిమిషాలుంది.

అప్పుడు మోగింది ఫోను, వీడియో కాల్. ఆవిడ నిద్రమొహంతో ఒక్కసారి చెయ్యి ఊపి, తన ఫోనుని టీవీ వైపు తిప్పింది. మా ముగ్గురి తలలూ ఒకచోటికి వంగాయి. తెర మీద భవానీప్రసాద్ ఇంగ్లీషులో ఏదో చెబుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. లారీ హారన్. తర్వాత జొన్నచేను. పిట్టల్ని తోలుతూ అమ్మ కేక. అమ్మ వేళ్లు నా చేతిలో దిగబడ్డాయి. అంతే అనుకున్నాను. ఆ రోజు మైకు ఆపలేదు కాబోలు, అదే గొంతు మళ్లీ వచ్చింది.

“ఇదిగో, సూసా నాన్నో! అన్నం చల్లారిపోతంది, రావయ్యా.”

“వస్తన్నా,” అన్నాడు నాన్న, ఫోనుతో. దాన్ని నా చేతిలోంచి తీసుకుని లేచి నిలబడ్డాడు కూడా.

అంతలో బొమ్మ ఆగిపోయింది. అయిదైంది. రికార్డు చేసుకోవాలన్న తెలివి నాకప్పుడు రాలేదు. మళ్లీ పెట్టమన్నాడు నాన్న. అయిపోయిందన్నాను. ఆయన నల్లటి తెర వైపు చూస్తూ, దాబా వాళ్లందరి ముందూ ఏడ్చాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, జాలేసింది.

వెనక నుంచి రెండు చప్పట్లు వినిపించాయి. ఇంటికి పోదామని అమ్మ వంతెన వైపు చెయ్యి చూపిస్తోంది. ఫోను నా చేతిలో పెట్టి, నాన్న అమ్మ వైపు తిరిగాడు.

“వస్తన్నా,” అన్నాడు.