ఆటు వేళ తీసిన ఫోటో

ఇంట్లో ఆమెను గద్దమ్మ అంటారు. బావ పెట్టిన పేరు అది. ఉపగ్రహం తీసిన ఫోటోల మీద గీతలు గీసి, మడ అడవుల ఒడ్డును సముద్రం ఏ ఏడు ఎంత కోసేసిందో కొలవడం ఆమె ఉద్యోగం మరి. "ఎదురుగా ఉన్న తాళంచెవి కనబడదు గానీ, ఆకాశం నుంచి అన్నీ కనబడతాయి మా మరదలికి" అని ఆయన వేళాకోళం.

బావ, అక్క కాపురం ఉండేది ఆ మడ అడవి అంచునే. వీధిలో వాళ్ళు భయపడుతున్నారు, ఉండాలా వెళ్ళాలా చెప్పవే అని మొన్న అక్క అడిగింది. మబ్బు లేని ఫోటో ఒక్కటే దొరికితే, గద్దమ్మ దాని మీద గబగబా గీత గీసి, పాత గీత పక్కన పెట్టి, ఒడ్డు పెద్దగా జరగలేదు, నిశ్చింతగా ఉండమంది. పై అధికారికి ఇచ్చే గీతైతే పదిసార్లు సరిచూసేది. ఇది సొంత అక్క కోసం గీసింది కనుక ఒక్కసారి కూడా చూడలేదు.

ఇవాళ మధ్యాహ్నం వేరే పని మీద అదే ఫోటో తెరిచి, అది తీసిన వేళ చూసింది. సముద్రం బాగా వెనక్కి తీసిన ఆటు వేళ అది. పాత ఫోటో నిండు పోటులో తీసింది. నీళ్ళు ఒకే మట్టంలో లేని రెండు ఫోటోలను పోల్చకూడదని కొత్తవాళ్ళకు తొలిరోజే చెప్పేది తనే. తీరా తాను నేల అనుకుని గీత గీసింది బురద అంచున.

ఈసారి చెట్ల వరస పట్టుకుని మళ్ళీ గీసింది. గీత అక్క పెరటి పక్కకు వచ్చి ఆగింది. పైగా ఇవాళ పౌర్ణమి, సాయంత్రం పెద్ద పోటు.

ఫోన్ చేసింది.

"అక్కా, నీళ్ళు ఎందాకా వచ్చాయి?"

"బట్టలారేసే తాడు దాకా. ఏం, పైనుంచి కనబడటం లేదా?" అక్క నవ్వింది.

"నవ్వకక్కా. నేను చెప్పింది తప్పు. బురదను నేల అనుకున్నాను. సాయంత్రం లోపు బయల్దేరండి."

"మేం వెళ్తాం లేవే. మొన్న పక్కింటి మామ్మగారు సామాను ఆటోలో ఎక్కిస్తుంటే నేనే దింపించాను. వీధి వీధంతా ఆపాను, మా చెల్లి చూసి చెప్పిందని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళమనను?"

"నేను చెప్తానక్కా. మామ్మగారికి ఫోన్ ఇవ్వు."

నీళ్ళలో అడుగులు వేస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత ఒక ముసలి గొంతు, ఎంతో చనువుగా పలికింది.

"చెప్పమ్మా గద్దమ్మా. మీ అక్క ఏడుస్తోందేంటి? ఒడ్డు ఇంకా దూరంగానే ఉందిగా?"