ఇద్దరి భాష

నిచ్చెనను మోటారుసైకిలుకు కట్టి, ముడి మీద ముడి వేసి, మళ్ళీ లాగి చూసుకుంటున్నాడు నత్త. ఇంటర్నెట్ ఆఫీసులో కుర్రాళ్ళు పెట్టిన పేరది. వాళ్ళు నాలుగిళ్ళు చుట్టబెట్టి వచ్చేసరికి ఇతను ఒక గుమ్మం దిగేవాడు. ఎక్కడైనా వైరు వేలాడుతూ కనిపిస్తే సర్దందే కదలడు. పనికి వంక పెట్టినవాళ్ళు లేరు, పిలిచి పెద్దపీట వేసినవాళ్ళూ లేరు. ఒకప్పుడు టీవీ కేబుళ్ళు లాగాడు, ఇప్పుడు ఇంటర్నెట్ గాజుతీగలు లాగుతున్నాడు. మోకాళ్ళు అరిగాయి, హోదా ఉన్నచోటే ఉంది. "ఊళ్ళో అందరినీ కలుపుతారు, ఇంట్లో మాత్రం నోరు కలపరు" అంటుంది భార్య. అప్పుడు కూడా అతను కంచంలోకి చూస్తూ తల ఊపుతాడు.

జేబులో ఫోన్ మోగింది. సూపర్‌వైజరు.

"ఇంకా ఆ ఇంటి దగ్గరేనా? వంతెన కింద సందులోవాళ్ళు పొద్దుటి నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు. కదులు బాబూ, నీకో దణ్ణం."

వంతెన నీడలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. అతను తట్టకముందే తలుపు తెరుచుకుంది. ఒక యువతి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖం, చేతిలో ఫోన్.

"ఇంతసేపా అన్నయ్యా! వైఫై కలిసిందనే చూపిస్తోంది, నెట్ మాత్రం రావట్లేదు. ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేశానో!"

గదిలో కుట్టుమిషను, దాని చుట్టూ గుడ్డముక్కలు. కిటికీ పక్క మంచం మీద, కాలికి కట్టుతో ఒక పెద్దావిడ.

"మా అత్తయ్య. పుట్టుచెవుడు, మాట రాదు. వాళ్ళక్కా అంతే. ఆవిడ వేరే ఊళ్ళో ఆసుపత్రిలో ఉంది, ఇక లాభం లేదన్నారు. మా బావగారు అక్కడ ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. మామూలు ఫోన్ చేసి ఏం చెయ్యను, ఇద్దరికీ వినపడదుగా? ఈ సందులో ఫోన్ సిగ్నల్‌కి వీడియోలో బొమ్మ రాదు. కాలు విరిగి ఈవిడ కదల్లేదు."

నత్త రౌటరు దగ్గరికి నడిచాడు. ఇందాకటి ఇంట్లో, ఎవరూ అడగకపోయినా, అలమర వెనక వైర్లు సర్దుతూ కూర్చున్నాడు.

రౌటరులో వైఫై దీపం పచ్చగానే ఉంది. దాని కింద ఎర్రది మిణుకుమంటోంది. అంటే పెట్టె బాగానే ఉంది, బయటి నుంచే దానికి ఏదీ అందడం లేదు. తీగ కొన ఊడదీసి, తుడిచి, మళ్ళీ గుచ్చాడు. ఎరుపే. కొనకు మీటరు పెట్టాడు. నెట్‌ను మోసుకొచ్చే వెలుతురు చుక్క కూడా రావడం లేదు. తీగ వెంట చూపు పాకిస్తూ కిటికీ దాటి, గోడ వెంట పైకి చూశాడు. పై వాటావాళ్ళు కిటికీకి కొత్త దోమతెర బిగించుకున్నారు. మేకు సరిగ్గా తీగ నడుమన దిగింది.

నిచ్చెన వేసి ఎక్కాడు. అలవాటు లేని తొందర పడ్డాడు. వెంట్రుకలాంటి గాజుపోగు వేళ్ళ మధ్యే విరిగింది. రెండోసారి అతుకు నిలవలేదు. చెమట కళ్ళలోకి దిగుతుంటే మెట్ల సందుల్లోంచి కిందికి చూశాడు. కిటికీలోంచి పెద్దావిడ చేతులు మాత్రమే కనిపించాయి. దుప్పటి మీద రెండూ సిద్ధంగా ఉన్నాయి, నోటిదాకా వచ్చిన మాట పెదవి దగ్గర ఆగినట్టు.

కళ్ళు మూసి ఒక ఊపిరి తీశాడు. ఇక తనకు చేతనైన నెమ్మదితోనే పోగు ఒలిచాడు, తుడిచాడు, కొనలు నున్నగా కోసి ఎదురెదురుగా పెట్టి అతికించాడు.

"వచ్చింది! పచ్చగా వచ్చింది!" లోపలి నుంచి కోడలి కేక.

అతను దిగి లోపలికి వచ్చేసరికి కోడలి చేతిలోని ఫోన్‌లో బొమ్మ అటూఇటూ ఊగుతోంది. నత్త ఫోన్ తీసుకుని మంచం పక్కన నిలబడ్డాడు. తెర మీద, దిండుకు అంటుకుపోయినంత సన్నని ముఖం, పెద్ద కళ్ళజోడు.

చెల్లెలు చెవి తమ్మె పట్టుకుని లాగింది, అరచేతిలో సున్నా చుట్టింది, దాన్ని ఉఫ్‌మని ఊదేసింది. అవతల అక్క భుజాలు కదిలాయి. నవ్వుతోంది!

"ఏమంటున్నారమ్మా?"

"నాకూ తెలీదన్నయ్యా. బడి మొహం చూసినవాళ్ళు కాదు, చిన్నప్పుడు వాళ్ళకు వాళ్ళే కల్పించుకున్నారు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, సగం కూడా పట్టుబడలేదు. అది వాళ్ళిద్దరిదే."

అక్క చెయ్యి లేచింది. ఏదో అనబోయి వేళ్ళు విచ్చుకుని, మెల్లగా దుప్పటి మీదికి వాలింది. చెల్లెలు చాలాసేపు బదులు చెప్పింది. ఆగి చూసింది. మళ్ళీ అడిగింది.

"బొమ్మ ఆగిపోయింది. నెట్ పోయిందా అన్నయ్యా?"

నత్త రౌటరు వైపు చూశాడు. దీపాలన్నీ నిలకడగా వెలుగుతున్నాయి. ఫోన్‌లో, ఆసుపత్రి కిటికీ పరదా గాలికి కదులుతోంది.

"లేదమ్మా," అన్నాడు. "నెట్ ఉంది."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ తెర వంక కాక నత్త ముఖంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు. ఆవిడ మళ్ళీ చెవి తమ్మె లాగి, అరచేతిలో సున్నా చుట్టింది. ఊదలేదు. వేళ్ళు ముడిచి గుప్పిట మూసుకుంది.

జేబులో ఫోన్ మోగి మోగి ఆగింది. చేతులు లాగుతున్నా నత్త ఈ ఫోన్ దించలేదు. అవతల ఎవరో వచ్చి ఆవిడ ముఖం మీంచి కళ్ళజోడు తీశారు. కాసేపటికి అక్కడి ఫోన్‌ను బల్ల మీద దేనికో ఆనించి వదిలేశారు. తెర నిండా ఇప్పుడు ఆ కళ్ళజోడే, కాడలు రెండూ చేతుల్లా తెరిచిపెట్టి, ఒక అద్దం మీద ఇంకా చెరగని వేలిముద్రతో.